చిలికాలో ఒక చిన్న యాట్: మాస్ట్ ఎత్తు కొలిచిన కేసు

ఒకే మాస్ట్‌కి, అంటే పడవలో తెరచాప కట్టే నిలువు కొయ్యకి, మా దగ్గర నాలుగు అంకెలు తేలాయి: 7.60, 8.47, 9.77, 10.69 మీటర్లు. ఏదీ తప్పు కాదు. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కొలిచారన్న దాన్నిబట్టి అంకె మారింది, అంతే. మామూలుగా అయితే ఇదేమంత పెద్ద విషయం కాదు గానీ, ఈ పడవ ఒడిశాలోని చిలికా సరస్సులోకి వెళ్ళాలంటే 33 కె.వి. (33 వేల వోల్టుల) కరెంటు తీగల కింద నుంచి పోవాలి. అలాంటప్పుడు ఈ నాలుగింటిలో ఏది పట్టుకుని బయల్దేరామన్నదే అన్నిటికంటే ముఖ్యం. ఆ లెక్క ఎలా చేశామో మొదటి నుంచి రాస్తున్నాను, సర్వే పనిలో ఉన్నవాళ్ళకీ, పడవలున్నవాళ్ళకీ పనికొస్తుందని.

నేను ఇచ్ఛాపురంలో ఉంటాను. పొలాల హద్దులు, లేఅవుట్లు, కరెంటు లైన్ల సర్వే నా పని. ఇటు శ్రీకాకుళం జిల్లా, అటు ఒడిశాలో గంజాం జిల్లా, రెండు వైపులా తిరుగుతుంటాను, బరంపురం దాటి రంభ దాకా వెళ్ళినా తెలుగులోనే పని జరిగిపోతుంది. పడవ బరంపురంలో ఉండే ఒక తెలుగాయనది. మర్చంట్ నేవీలో చేసి రిటైరయ్యారు, అందరూ కెప్టెన్ గారనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. విశాఖ నుంచి ట్రైలర్ మీద జాతీయ రహదారి 16 పట్టుకుని తెచ్చారు. 22 అడుగుల చిన్న యాట్, తెరచాప పడవ. కీల్‌ని, అంటే అడుగున నీళ్ళలోకి దిగి ఉండే రెక్కని, పైకి లాగేసుకోవచ్చు. చిలికాలో లోతు తక్కువ, కీల్ కిందికి పాతుకుని ఉండే పడవ ఇక్కడ ఎక్కడో ఒకచోట బురదలో దిగబడిపోతుంది, ఆ విషయంలో ఆయన చాలా సరైన పడవ ఎంచుకున్నారు.

పడవ దించే రేవు రంభ వైపు ఒక చిన్న పాయలో ఉంది. ఆ పాయ సరస్సులో కలిసే ముందు, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి రెండు ఇనుప టవర్ల మధ్య 33 కె.వి. లైను దాటుతుంది. కెప్టెన్ గారు ఫోన్‌లో అడిగింది ఒక్కటే: "మాస్ట్ నిలబెట్టుకుని దాని కింద నుంచి పోవచ్చా? మీరు కొలిచి కాగితం మీద పెట్టండి."

ఆయన దగ్గర తెరచాపలు కుట్టినవాళ్ళు ఇచ్చిన కొలతల కాగితం ఉంది. అందులో ఐ, జె, పి, ఇ అని నాలుగు అక్షరాల కింద అంకెలుంటాయి, ప్రపంచమంతా యాట్ల కొలతలు ఇలాగే రాస్తారు. ఐ, జె ముందు తెరచాపకి సంబంధించినవి. పి అంటే పెద్ద తెరచాప ముందంచు, బూమ్ (చాప కింది అంచుని పట్టే అడ్డ కొయ్య) దగ్గరి గుర్తు నుంచి పైన చాప ఎక్కగల చివరి గుర్తు దాకా. ఇ అంటే బూమ్ వెంబడి పొడవు. ఈ పడవకి పి 7.60 అని ఉంది. దాన్నే మాస్ట్ ఎత్తు అనుకుని, ఇంకో మీటరు కలిపేసుకుని, చాలా ఖాళీ ఉందనుకునేవాళ్ళు ఉంటారు. కానీ పి అనేది గుడ్డ కొలత. బూమ్ కింద మాస్ట్ ఎంత ఉందో అందులో లేదు, పై గుర్తు మీద ఎంత మిగిలిందో లేదు, మాస్ట్ నిలబడ్డ కేబిన్ కప్పు నీటికి ఎంత ఎత్తులో ఉందో అసలే లేదు. కెప్టెన్ గారికి ఇది వివరించాల్సిన పని పడలేదు. పెద్ద ఓడల్లో నీటి అంచు నుంచి ఓడ పై కొస దాకా ఉన్న ఎత్తుని ఎయిర్ డ్రాఫ్ట్ అంటారు, వంతెనల కింద నుంచి పోయే ముందు చూసుకునే అంకె అదే, ఆయన ఉద్యోగమంతా దానితోనే గడిచింది. "చిన్న పడవకి ఎయిర్ డ్రాఫ్ట్ ఎవరూ రాసివ్వరండీ, మనమే తేల్చుకోవాలి" అన్నారు.

ముందు మేం చేసింది నీళ్ళలో ఒక మేకు పాతడం. రేవు పక్కన మోకాల్లోతులో, గట్టి నేల తగిలేదాకా సరివి కర్ర దిగ్గొట్టి, నీటి అంచు ఎక్కడుందో దాని మీద గీత పెట్టాం. ఈ కేసు మొత్తానికి సున్నా ఆ గీతే. పడవనీ దాని నుంచే కొలిచాం, తీగనీ దాని నుంచే కొలిచాం. ఎంత మంచి టోటల్ స్టేషన్ (దూరాన్నీ కోణాన్నీ కొలిచే సర్వే మిషన్) ఉన్నా, పడవని ఒక నీటి మట్టం నుంచీ, తీగని గట్టు మీది ఇంకో రాయి నుంచీ కొలిస్తే రెండింటి మధ్య ఉన్న ఖాళీ ఎప్పటికీ సరిగ్గా రాదు. పని పూర్తయ్యేలోపు నీరు కదిలిందా లేదా అన్నది కూడా ఆ గీతే చెబుతుంది.

మాస్ట్ ఇంకా పడుకోబెట్టే ఉంది, అది మాకు కలిసొచ్చింది. నిలబెట్టాక కష్టపడి కొలిచేదంతా నేల మీద నిమిషాల్లో అయిపోతుంది. రెండు స్టాండ్ల మీద మాస్ట్‌ని తిన్నగా పెట్టి, అడుగు నుంచి పై మూత దాకా టేపు లాగితే 8.47. అడుగు నుంచి బూమ్ గుర్తు దాకా 0.72, అక్కడి నుంచి పై గుర్తు దాకా 7.60, ఆ పైన మిగిలింది 0.15. కలిపితే సరిపోయింది, కాబట్టి కాగితంలోని పి కూడా నమ్మదగ్గదేనని తేలింది. తర్వాత మూత మీద ఉన్నవి. వి.హెచ్.ఎఫ్. రేడియో అంటెనా 0.92, గాలి ఎటు వీస్తుందో చూపించే బాణం 0.21. చాలామంది మాస్ట్ ఎత్తు చెప్పేటప్పుడు ఈ అంటెనాని వదిలేస్తారు. కరెంటు తీగకి మాస్ట్ మూతకీ అంటెనాకీ తేడా తెలియదు, ఏది ముందు దగ్గరికొస్తే దాన్నే పట్టుకుంటుంది.

ఆ తర్వాత పడవని నీళ్ళలోకి దించి, ఎవర్నీ ఎక్కించకుండా, రెండు వైపులా తాళ్ళు కట్టి కదలకుండా పెట్టాం. మాస్ట్ అడుగు కూర్చునే చోట కేబిన్ కప్పు మీద అడ్డంగా ఒక తిన్నని చెక్క బద్ద పెట్టి, స్పిరిట్ లెవెల్‌తో మట్టం చూసి, పడవ అంచు దాటి బయటికొచ్చిన కొస నుంచి బరువు కట్టిన టేపు నీటి మీదికి వదిలితే 1.31 వచ్చింది. ఖాళీ పడవతో ఎందుకంటే, ఈ సైజు పడవ ఒక సెంటీమీటరు దిగాలంటే సుమారు 90 కిలోలు పడాలి. నలుగురెక్కితే మూడు సెంటీమీటర్లు దిగుతుంది, అంటే మాస్ట్ కొస కూడా అంతే దిగుతుంది. మనకి కావాల్సింది కొస అన్నిటికంటే ఎత్తుగా ఉండే పరిస్థితి, అది ఖాళీ పడవలోనే వస్తుంది. వానాకాలంలో చిలికా నీళ్ళు చప్పబడతాయి కదా, తేడా రాదా అని కెప్టెన్ గారు అడిగారు. పూర్తి ఉప్పు నీటికీ మంచి నీటికీ సాంద్రతలో తేడా రెండున్నర శాతం, సుమారు 1.2 టన్నుల ఈ పడవకి అది మూడు మిల్లీమీటర్ల లెక్క. పక్కన పెట్టేశాం.

మాస్ట్ నిలబెట్టాక రెండో పద్ధతిలో సరిచూశాం. తెరచాపని పైకి లాగే తాడు, హేలియార్డ్ అంటారు, దాని కొక్కేనికి ఫైబర్ టేపు కట్టి పైదాకా లాగాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. కొక్కేనికి ఇంకో సన్నటి తాడు కూడా కట్టి దాని కొస చేతిలో ఉంచుకోండి, లేకపోతే టేపు ఊడిందంటే కొక్కెం పైనే ఉండిపోతుంది, దాన్ని దించడానికి మళ్ళీ మాస్ట్ మొత్తం పడుకోబెట్టాలి. రెండోది, స్టీల్ టేపు వాడొద్దు. మా రేవు లైనుకి దూరంగానే ఉంది, అయినా తీగలున్న ప్రాంతంలో పొడవాటి ఇనుప రేకుని గాలిలోకి లేపే అలవాటే ఉండకూడదు. టేపు 8.38 చూపించింది. కొక్కెం మూత దాకా పోదు, 11 సెంటీమీటర్ల కిందే ఆగిపోతుంది, అది కలిపితే 8.49. నేల మీద కొలిచినదానికంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువ. గాలికి టేపు విల్లులా వంగుతుంది, వంగిన టేపు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, కాబట్టి తేడా రావాల్సిన వైపే వచ్చింది. 8.47నే ఉంచుకున్నాం.

మాస్ట్ నిటారుగా ఉండదు, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ఎంత వాలిందో చూడాలంటే అదే హేలియార్డ్‌కి బరువు కట్టి వదలాలి. పడవ ఊగుతుంటే బరువు కూడా ఊగుతూనే ఉంటుంది, అందుకని దాన్ని నీళ్ళ బకెట్లో ముంచి ఉంచితే నిమిషంలో నిలబడుతుంది. అడుగు దగ్గర మాస్ట్‌కీ తాడుకీ మధ్య 36 సెంటీమీటర్లు వచ్చింది, అంటే రెండున్నర డిగ్రీల వాలు. ఎత్తులో దీనివల్ల పోయేది ఒక సెంటీమీటరు కూడా ఉండదు. 8.46కి 1.31 కలిపితే నీటి నుంచి మూత దాకా 9.77. అంటెనాతో 10.69.

అంత చిన్న వాలుని పట్టించుకోవడం ఎందుకంటారా? టోటల్ స్టేషన్‌తో కొలిచేవాళ్ళకి అసలు చిక్కంతా అక్కడే ఉంది. మనం మామూలుగా చేసేదేమిటి, మాస్ట్ అడుగున ప్రిజం, అంటే మిషన్ కిరణాన్ని వెనక్కి పంపే గాజు, పెట్టి దూరం తీసుకుంటాం, తర్వాత దుర్భిణిని పైకెత్తి కొసని చూస్తాం, ఎత్తు మిషనే చెప్పేస్తుంది. కొస సరిగ్గా ప్రిజానికి నిలువుగా పైన ఉందని మిషన్ అనుకుంటుంది. ఈ పడవలో కొస 37 సెంటీమీటర్లు వెనక్కి ఉంది. మా కుర్రాడికి అర్థం కావాలని పడవ ముందు వైపు 18 మీటర్ల దూరంలో స్టేషన్ పెట్టించి కొలిపించాను, 16 సెంటీమీటర్లు తక్కువ చూపించింది. వెనక వైపు నుంచి చూస్తే 17 సెంటీమీటర్లు ఎక్కువ చూపించింది. అదే పడవకి పక్కగా, మాస్ట్‌కి సరిగ్గా అడ్డంగా నిలబడి కొలిస్తే వాలు వల్ల వచ్చే తేడా రెండు మిల్లీమీటర్లే. ముందు నుంచి కొలిచిన తప్పు ప్రమాదకరమైన వైపు ఉంటుంది, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. యాట్‌ని ఎప్పుడు కొలిచినా పక్క నుంచే కొలవాలి. పక్క నుంచి మాకు 9.78 వచ్చింది, టేపు లెక్కతో సెంటీమీటరు తేడా, ఇంక చాలు.

ఫోన్‌లో కోణం చూపించే యాప్‌లతో చేసుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కోణం 45 డిగ్రీలు వచ్చే దూరంలో నిలబడితే తప్పు అన్నిటికంటే తక్కువ ఉంటుంది, అక్కడ కూడా ఎనిమిది మీటర్ల ఎత్తుకి ఒక డిగ్రీ తేడా వస్తే 28 సెంటీమీటర్లు పోతాయి. తెరచాప గుడ్డ ఎంత పడుతుందో అంచనా వేయడానికి పర్లేదు. తీగ కింద నుంచి పోవడానికి పనికిరాదు.

ఇక తీగ. ఈ కేసులో ఎక్కువసేపు పట్టింది దీనికే. తీగ అన్నిటికంటే కిందికి వేలాడేది పాయ మధ్యలో, నీళ్ళ మీద. అక్కడ ప్రిజం పెట్టడానికి లేదు, పడవలో పెడితే కదులుతుంది, సన్నటి తీగ మీద లేజర్ నిలవదు. అందుకని రెండు గట్ల మీదా టవర్లకి ఉన్న ఇన్సులేటర్లని, అన్నిటికంటే కింది తీగ పట్టుకుని ఉన్న వాటిని, ప్రిజం లేకుండా కొలిచాం. అవి లావుగా ఉంటాయి, లేజర్‌కి దొరుకుతాయి. గాలి లేనప్పుడు తీగ ఆ రెండు ఇన్సులేటర్ల మధ్య ఒకే నిలువు తలంలో వేలాడుతుంది. ఆ తలం ఎక్కడుందో తెలిస్తే, పక్కన గట్టు మీద నిలబడి తీగ మీద ఏ చోటుని చూసినా, ఆ చూపు ఆ తలాన్ని ఎంత దూరంలో తాకుతుందో లెక్కలో తేలిపోతుంది. అలా పాయ మధ్యలో కింది చోటుకి అడ్డ దూరం 41.60 మీటర్లు, పై కోణం 15 డిగ్రీల 8 నిమిషాలు. మిషన్ కంటే తీగ 11.25 ఎత్తులో ఉందన్నమాట. మిషన్ మా మేకు గీత కంటే 1.87 ఎత్తులో ఉంది. మొత్తం 13.12. ఈ పద్ధతిలో నాకు నచ్చేదేంటంటే, దూరంలో పది సెంటీమీటర్ల తేడా ఉన్నా ఎత్తులో మూడు సెంటీమీటర్లు కూడా మారదు. తీగ దగ్గరికి ఎవరూ పోనక్కర్లేదు, కర్ర ఎత్తనక్కర్లేదు. వెదురు బొంగుతో తీగ ఎత్తు చూద్దామనే ఆలోచన ఎవరికి వచ్చినా దయచేసి ఆపండి.

కొలిచింది ఎండాకాలం మధ్యాహ్నం, కావాలనే. తీగ వేడెక్కితే సాగుతుంది, సాగితే కిందికి దిగుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అంకె అందంగా వస్తుంది గానీ అది మధ్యాహ్నానికి నిజం కాదు. లోడు ఎక్కువైనా తీగ వేడెక్కుతుంది, కాబట్టి మేం కొలిచిందే అన్నిటికంటే కింది స్థాయి అని నేను రాసివ్వలేదు.

నీటి సంగతి మిగిలింది. సముద్రపు రేవుల్లో అయితే పోటు మట్టం నుంచి లెక్క వేస్తారు. చిలికా ముఖద్వారం పూరీ జిల్లా వైపు ఉంది, 2000లో కొత్తగా తవ్వింది కూడా అటే, రంభ దక్షిణపు కొసలో ఉంటుంది కాబట్టి పోటు బలం ఇక్కడికి వచ్చేసరికి బాగా తగ్గిపోతుంది. ఇక్కడ నీటిని పైకీ కిందికీ మార్చేది ప్రధానంగా ఋతువులు, గాలి. వానాకాలంలో దయా, భార్గవి లాంటి మహానది పాయలు సరస్సులోకి వరద తెచ్చిపోస్తాయి. రేవులో వల బాగుచేసుకుంటున్న తాతని అడిగాను.

"తాతా, వానల్లో నీరు ఎక్కడిదాకా వస్తది?"

"ఇది నీరేటి బాబూ. వానలప్పుడు ఈ రాయి మునిగిపోద్ది. అదిగో, ఆ మూడో మెట్టు కాడికొస్తాది." లేచి వచ్చి కాలితో చూపించాడు. మెట్టు అంచు కింద పాచి ఎండిపోయిన నల్లటి చార, దాని పైన రాయి రంగు తేలిగ్గా ఉంది. ఆయన మాటా చారా ఒకచోటే కలిశాయి. మేకు గీత నుంచి ఆ చార దాకా 0.85. నాకు ఇలాంటి చోట రిజిస్టర్లకంటే రోజూ నీళ్ళలో దిగేవాళ్ళ మాట మీద, రాయి మీద చార మీద నమ్మకం ఎక్కువ. రెండూ కలిస్తే ఇంక సందేహపడను.

ఇప్పుడు లెక్క. ఎంత ఖాళీ ఉండాలి? బ్రిటిష్ అడ్మిరాల్టీ చార్టుల్లో కరెంటు తీగల కింద 2 నుంచి 5 మీటర్ల దాకా భద్రత కోసం వదలాలంటారు. అమెరికాలో క్రేన్ల నియమాల్లో 50 కె.వి. దాకా 10 అడుగులు, అంటే 3.05 మీటర్లు. మన దగ్గర 1956 నాటి విద్యుత్ నియమాల్లోనూ, 2010 నాటి నిబంధనల్లోనూ రోడ్డు దాటే 33 కె.వి. తీగ నేల నుంచి కనీసం 6.1 మీటర్లు ఉండాలని ఉండేది, అది లారీలని దృష్టిలో పెట్టుకున్న లెక్క, తొమ్మిది పది మీటర్ల మాస్ట్‌కి దాంతో పని జరగదు. మేం 3.05 పట్టుకున్నాం.

ఎండాకాలం, అంటెనాతో: 13.12లోంచి 10.69 పోతే 2.43. చాలదు. అంటెనా తీసేసి గాలి బాణం మాత్రం ఉంచితే కొస 9.98, ఖాళీ 3.14. వరద మట్టంలో తీగ 12.27, ఖాళీ 2.29. చాలదు.

కెప్టెన్ గారు మధ్య అంకె దగ్గర ఆగారు. "ఎండాకాలం అయితే పాసైంది కదండీ, తొమ్మిది సెంటీమీటర్లు మిగిలింది."

"మిగిలింది సార్. కానీ ఆ తొమ్మిదిలో అల ఉంది, గాలికి ఈ కొసకి ఎగదన్నే నీరు ఉంది, తీగ ఇంకాస్త దిగడం ఉంది. వేరే మోటారు పడవ పక్క నుంచి పోతే లేచే అల ఒక్కటే దాన్ని మింగేస్తుంది."

పడవని ఒక పక్కకి వంచి పోతే కొస దిగుతుంది కదా అని ఆయన స్నేహితుడొకాయన అన్నారు. వంతెన కింద అలా చేసేవాళ్ళున్నారు, 20 డిగ్రీలు వంచితే ఎత్తులో ఆరు శాతం తగ్గుతుంది. కరెంటు తీగ కింద ఆ మాటే వద్దు. వంతెన తాకితే మాస్ట్ విరుగుతుంది. తీగ తాకనక్కర్లేదు, దగ్గరికొస్తే చాలు. అల్యూమినియం మాస్ట్, దానికి నాలుగు వైపులా స్టీలు తీగలు, కింద ఉప్పు నీరు, మధ్యలో తడి చేతులతో మనుషులు. ఇందులో లెక్క తప్పితే దిద్దుకునే అవకాశం రాదు.

నేను రాసిచ్చింది: ఏ కాలంలోనూ మాస్ట్ నిలబెట్టి ఆ లైను కింద నుంచి పోకూడదు. ఈ పడవలో మాస్ట్ అడుగున మడత బందు ఉంది, ఇద్దరు మనుషులుంటే దించేయొచ్చు. ఇక్కడి జాలర్ల చాప పడవలు చేసేదీ అదే, లైను దగ్గరికి రాగానే వెదురు కొయ్య ఊడబీకి పడవలో పడుకోబెడతారు, అవతలికి పోయాక మళ్ళీ నిలబెడతారు. కెప్టెన్ గారు కాసేపు కాగితం చూసి, సరే అన్నారు. లైనుకి అవతల, సరస్సు వైపు 60 మీటర్ల దూరంలో ఒక వెదురు గుర్తు పాతాం, మాస్ట్ లేపడమైనా దించడమైనా దాని అవతలే. లేపేటప్పుడు తాడు జారి మాస్ట్ ఏ వైపు పడినా తీగ దరిదాపుల్లోకి రాకూడదు, అందుకే అంత దూరం. అంటెనాని వెనక రైలింగు మీదికి మార్చేశారు, రేడియో అందే దూరం కొంత తగ్గుతుంది, ఈ సరస్సుకి అది చాలు.

రేవు మీదికొచ్చే దారిలో ఇంకో 11 కె.వి. లైను ఉంది, నేల నుంచి 6.35. నియమం ప్రకారం సరిగ్గానే ఉంది. పడవ ట్రైలర్ మీద ఉన్నప్పుడు దాని నీటి గీత నేల నుంచి 0.95 ఎత్తులో ఉంటుంది, అంటే నీళ్ళలో 9.98 ఉన్న కొస ట్రైలర్ మీద 10.93 అవుతుంది. దించే ముందే ఒడ్డు మీద మాస్ట్ నిలబెట్టుకుంటే సులువు అనిపిస్తుంది, యాట్లున్నవాళ్ళు చాలాచోట్ల అలాగే చేస్తారు కూడా. ఇక్కడ దానికి చోటు లేదు.

కేబిన్ తలుపు లోపలి వైపు ఒక ప్లాస్టిక్ కవర్లో కాగితం అంటించాం: ఖాళీ పడవ, గాలి బాణంతో, నీటి నుంచి 9.98, ట్రైలర్ మీద నేల నుంచి 10.93, తీగ 13.12, ఏ రోజు ఏ వేళ కొలిచామో పక్కనే. మూడో మెట్టు చార మీద తెల్ల పెయింటుతో గీత వేశాం. వానలు తగ్గాక వెళ్ళి, నీరు ఆ గీత దాటిందా లేదా తాతని అడిగి, దాటితే తీగ కింది అంకెలు మార్చి రాయాలి.